లిఫ్టు మెకానిక్ ఎక్కే గుట్ట

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు మాత్రం ఎక్కడు. ఎన్ని అంతస్తులైనా సరే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి పోతాడు. ఇదేం చోద్యమయ్యా అని అపార్టుమెంటు వాళ్ళు అడిగితే, "దాన్ని బాగుచేసేది నేనేగా, దాని సంగతి నాకు తెలుసు," అంటాడు. ఆ మాట చెవిన పడ్డ ముసలివాళ్ళు వారం రోజులు మోకాళ్ళు పట్టుకుని మెట్ల మీదే తిరుగుతారు. ఇలాంటి నోరున్న మనిషిని కంపెనీ ఎలా భరిస్తోందో నాకు అర్థం కాదు. కానీ ఊళ్ళో ఏ లిఫ్టు మొరాయించినా ముందు అతనికే కబురు వెళుతుంది. లోపల ఇరుక్కున్నవాళ్ళు తలుపులు బాదుతుంటే బయట నిలబడి తాపీగా, "బాదకండి బాబూ, అది మొండిఘటం. బతిమాలితేనే కదులుతుంది," అని చెబుతాడు. లోపలివాళ్ళు నిజంగానే బతిమాలతారు. ఒక బ్యాంకు మేనేజరు లిఫ్టుకు క్షమాపణ చెప్పుకోవడం నా చెవులారా విన్నాను.

అతను మా అక్క మొగుడు. అక్క రక్తపరీక్షల ల్యాబులో సూదులు గుచ్చే ఉద్యోగం చేస్తుంది. ఇంట్లోనూ అదే పని చేస్తుందని బావ అంటాడు, ఆమె ఇంట్లో లేనప్పుడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇప్పుడు తండ్రి చెవులు దాటి ఎదిగినా, ఆ పిల్లను ఇంటిల్లిపాదీ చిన్నది అనే పిలుస్తాం. ఇక నా సంగతి. నాకో పరుపుల కొట్టుంది. పరుపు ఎంత మెత్తగా ఉందో గిరాకీలకు చూపించడానికి దాని మీద పడుకోవడం, పడుకున్నాక నిద్రపోవడం నా వ్యాపార పద్ధతి. ఇలాంటి సుఖజీవిని ప్రతి ఆదివారం తెల్లారగానే మెడ పట్టి లేపి, సైకిలెక్కించి, కొండదారుల వెంట తోలుకుపోయే పాపిష్టివాడు మా బావ. ఆ రోజు అతను వేసుకునే నిక్కరు ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది. "పెళ్ళికి ముందు ఈ నిక్కరు ఒక్కసారి చూసుంటే చాలు, నేను గట్టెక్కేదాన్ని," అని మా అక్క ఇప్పటికీ అంటుంది.

ఊరు దాటగానే రోడ్డు సన్నబడిపోతుంది. రెండు వైపులా ముళ్ళ కంచెలు, వాటి వెనక ఏటవాలు పొలాలు. ఎదురుగా పశువులొస్తే సైకిలు దిగి కంచెలో కూర్చోవాల్సినంత ఇరుకు. పోనీ దారి తిన్నగా ఎక్కినా బాగుండును. కాసేపు ఎక్కిస్తుంది, ఎక్కినదంతా దింపేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఆ దారి వేసినవాడెవడో గాడిద తోక పట్టుకుని, అది ఎటు పోతే అటు నడుస్తూ వేసి ఉంటాడని నా నమ్మకం. అలా చచ్చీచెడీ పోతే, చివర్న ఒక కల్వర్టు, దాని దగ్గర మొదలయ్యే అసలు గుట్ట.

గుట్ట నెత్తిన ఒక మైలురాయి ఉంది. దాని మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అక్కడ నిలబడితే అవతల నది కనిపిస్తుంది. కొండల మధ్య అంతదాకా ఒద్దికగా నడిచొచ్చిన నది, సముద్రం దగ్గరపడేసరికి ఒళ్ళు విరుచుకుని బురదమేటల మధ్య అడ్డదిడ్డంగా పడుకుంటుంది. సముద్రం నీళ్ళు వెనక్కి తీసే వేళకు పడవలన్నీ బురదలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటాయి. వాటి మధ్య కొంగలు ఇల్లు అద్దెకు చూస్తున్నవాళ్ళలా ఆగి ఆగి నడుస్తుంటాయి. నది ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు. నీళ్ళు కలిసే ఆ చోటిని మొగ అంటాం. గుట్ట దిగి, నది పక్కన గట్టు రోడ్డు పట్టుకుని మొగ దాకా పోయి, అక్కడి బడ్డీలో టీ తాగి తిరిగి రావడం మా ఆదివారపు కార్యక్రమం. గుట్ట ఎక్కడంలో బావ ఎప్పుడూ మొదలు, నేను ఎప్పుడూ చివర. నా స్థానానికి ఇంతవరకూ ఎవరూ పోటీ రాలేదు.

ఇదంతా చూసి బావ పుట్టుకతోనే కొండలెక్కాడని అనుకోవద్దు. చిన్నది హైస్కూల్లో ఉండగా, ఒక ఆసుపత్రి లిఫ్టు గుంతలోకి దిగుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. "పడితే పడ్డావు కానీ బావా, మంచి చోటు చూసి పడ్డావు. మోసుకెళ్ళే బాధ తప్పింది," అని నేను హాస్యమాడితే నవ్వలేదు. అప్పుడే నాకు మొదటిసారి భయమేసింది. లోపల ఇనప పలక వేసి కుట్టి పంపించారు. ఎముక అతుక్కుంది. మనిషే కోలుకోలేదు. పొద్దస్తమానం మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను కొట్లోంచి శ్రేష్ఠమైన పరుపు తెచ్చి వేస్తే, దానికి ఇంకా గట్టిగా అతుక్కుపోయాడు. ఊళ్ళోవాళ్ళందరికీ జాలి లేకుండా సూదులు పొడిచే మా అక్క, వంటింట్లో కుళాయి తిప్పి వదిలి, ఆ చప్పుడు చాటున ఏడ్చేది.

అతన్ని లేపింది చిన్నది. ఒక సాయంత్రం బడి నుంచి రాగానే మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన సైకిలు బయటికి లాగి, "లే నాన్నా, పక్క వీధి దాకా పోయొద్దాం," అంది. అతను దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు. ఆ పిల్ల కిటికీ కింద నిలబడి బెల్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆపలేదు. చివరికి పక్కింటాయన వచ్చి, "వెళ్ళవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది," అని చేతులు జోడించాక లేచాడు. పసివాళ్ళకు నేర్పినట్టు సీటు వెనక పట్టుకుని తండ్రిని వీధి పొడుగునా తోసింది. చుట్టుపక్కల పిల్లలంతా వెంటపడి కేరింతలు కొట్టారు. వాళ్ళతో పాటు నేనూ కొట్టాను. నెలలు గడిచాక తండ్రీకూతుళ్ళు గుట్ట దాకా వచ్చారు. మొదటిసారి పైకెక్కిన రోజు బావ మైలురాయి పక్కన వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, పగలబడి నవ్వాడు. పడ్డాక అతను నవ్వడం అదే మొదలు. చిన్నది ఆ నవ్వు చూసింది. ఆ తర్వాత జరిగిన రభసకంతా మూలం అదే.

పిల్ల ఎదిగింది, దాంతో పాటు కాళ్ళూ ఎదిగాయి. ఒక ఆదివారం మొగ దగ్గర టీ బడ్డీలో మా పక్క బల్ల మీద ఒకావిడ కూర్చుంది. జుట్టు పొట్టి, మాట అంతకంటే పొట్టి. దూరాన ఉన్న పెద్ద నగరంలో సైకిలు పందేల జట్టుకు కోచ్ అట. గట్టు రోడ్డు మీద ఎదురుగాలిలో చిన్నది తొక్కే తీరు చూసి టీ చల్లార్చుకుందట. వారం తిరక్కుండా ఆవిడ ఇంటికే వచ్చింది.

"మీ అమ్మాయిని నా జట్టులోకి పంపండి. హాస్టల్లో ఉంటుంది, చదువూ ఆగదు. నెలాఖరు దాకా చోటు అట్టేపెడతాను. తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాను," అంది.

అక్క వెంటనే సరేనంది. చిన్నది తల దించుకుని గోళ్ళు గిల్లుకుంటోంది కానీ, చెవులు ఎర్రబడ్డాయి. మనసులో ఆశ పుడితే ఆ పిల్లకు ముందు చెవులు ఎర్రబడతాయి. అందరం బావ వైపు చూశాం. లోపల ఏం గుచ్చుకుందో ఏమో, మీసం మెలేసి, "మా గుట్ట మీద నన్నే దాటలేని పిల్ల, మీ పందేల్లో ఎవర్ని దాటుతుందండీ? ముందు నన్ను ఓడించమనండి. ఆ రోజే పంపించేస్తాను," అన్నాడు.

కోచ్ గుమ్మం దాటగానే అక్క ఒంటికాలి మీద లేచింది.

"తుంటి విరిగితే విరిగింది, బుద్ధి కూడా విరిగిందా? కన్నకూతురితో పందెమేంటండీ?"

"అనేశానుగా. అన్నాక అన్నట్టే."

మాట విషయంలో మా బావ చెడిపోయిన లిఫ్టు లాంటివాడు. ఒకచోట ఆగాడంటే ఇక పైకీ పోడు, కిందికీ రాడు.

అయినా నేనేం కంగారు పడలేదు. చిన్నది ఒక్క ఆదివారంలో తేల్చేస్తుందనుకున్నాను. తీరా ఆ ఆదివారం ఓడిపోయింది. తర్వాతి ఆదివారమూ ఓడిపోయింది. చదును మీద రయ్యిమని దూసుకుపోయే పిల్ల, గుట్ట మొదలయ్యేసరికి తండ్రి వెనక చేరి ఈసురోమంటూ ఎక్కేది. బావ మైలురాయి మీద కూర్చుని, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా కాళ్ళూపుతూ ఎదురుచూసేవాడు. నెల అయిపోవస్తోంది. అక్క మొగుడితో మాట్లాడడం మానేసింది. అతనికి ఏదైనా చెప్పాలంటే నాకు ఫోన్ చేసి, నా చేత చెప్పించేది. పక్కగదిలో ఉన్న మనిషికి టవలు ఎక్కడుందో కొట్లోంచి నేను చెప్పాల్సి వచ్చేది.

ఆ రోజుల్లోనే ఒక హోటలుకు పరుపులు వేయించడానికి వెళ్ళాను. లిఫ్టు ఆగిపోయి ఉంది. బావ పైకప్పు మీద మెషీను గదిలో ఉన్నాడని చెబితే, ఏడుస్తూ మెట్లెక్కాను. నిలువునా కాలిపోయేంత వేడి ఆ గదిలో. ఇనప తాళ్ళు చుట్టుకున్న పెద్ద చక్రం, దాని పక్కన గ్రీజు డబ్బా, కరెంటు పెట్టె మీద మూత తీయని టిఫిను క్యారియరు. బావ మోటారు బ్రేకు దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తున్నాడు. నన్ను చూడగానే, ఎప్పుడొచ్చావు, ఎందుకొచ్చావు అని కూడా అనకుండా, "ఏరా, ఆ పిల్ల కాళ్ళల్లో నిజంగా సత్తువ లేదంటావా?" అని అడిగాడు.

"ఉంటే నిన్ను దాటేది కదా బావా," అన్నాను.

అతని మొహం వాడిపోయింది. గెలుస్తున్నవాడి మొహం అలా ఉండడం నేనెక్కడా చూడలేదు.

"పోనీ మాట వెనక్కి తీసుకో. పంపించెయ్."

"ఎలా తీసుకోనురా? నాన్న జాలిపడి పంపాడనుకుంటుంది. ఆ మాట మనసులో పెట్టుకుని వెళ్ళినదానికి అక్కడ కాళ్ళాడతాయా? తనే నన్ను ఓడించి వెళ్ళాలి." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఉన్న గ్రీజంతా మోచేతుల దాకా పూసుకున్నాడు. "కోపంలో వాగానురా. ఆవిడ ఇంటికొచ్చి పిల్లని పంపమనగానే, ఆదివారాలు ఖాళీ అయిపోతాయని భయమేసింది. అంతే."

క్యారియరు మూత తీసి, తినమని అతని ముందు పెట్టాను.

గడువులో చివరి ఆదివారం వచ్చింది. పొద్దున్నే వాళ్ళింటికి వెళితే, బావ మెట్ల కింద గొంతుక్కూర్చుని తన సైకిలు చక్రాల్లోంచి గాలి తీస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"రోడ్డు తడిగా ఉంటుందిరా. గాలి తక్కువైతే పట్టు బాగుంటుంది," అన్నాడు.

వాన మొహం చూసి ఎన్నాళ్ళయిందో. అయినా అంత పొద్దున్నే వాదించే ఓపిక నాకు లేదు. అక్క గుమ్మంలో నిలబడి కూతురికి నీళ్ళ సీసా అందిస్తూ, "గెలిచి రావే," అంది. మౌనవ్రతం ఆ ఒక్క మాటకు సడలించి, మొగుడికి అందిస్తూ, "ఓడి రండి," అంది. నాకు సీసా ఇచ్చి ఏమీ అనలేదు. నా మీద ఎవరికీ ఆశల్లేవు.

కల్వర్టు దగ్గర ముగ్గురం వరసలో నిలబడి బయలుదేరాం. మొదటి మలుపు దాకా ఎప్పట్లాగే బావ, చిన్నది, నేను. రెండో మలుపులో ఏదో తేడాగా తోచింది. నాకు ఆయాసం రావడం లేదు. ఆ గుట్ట మీద నాకు ఆయాసం రాలేదంటే ఏదో అనర్థం జరుగుతోందన్నమాట. తీరా చూస్తే ముందున్న ఇద్దరూ నాకంటే నెమ్మదిగా పోతున్నారు. నేను చిన్నదాని పక్కకు చేరేసరికి ఆమె వెనక చక్రంలోంచి సర్ సర్ మని చప్పుడు.

"బ్రేకు రాసుకుంటోందే," అన్నాను.

"నీకెందుకు మావయ్యా? నోర్మూసుకుని తొక్కు," అని పళ్ళబిగువున గొణిగింది.

వంగి చూశాను. బ్రేకు రబ్బరు చక్రాన్ని కరుచుకుని ఉంది. దానంతటది అలా కరుచుకోదు, మర బిగించి ఎవరో కరిపించాలి. ఈ పిల్ల ఇన్ని ఆదివారాలూ బ్రేకును ఈడ్చుకుంటూ గుట్ట ఎక్కుతోందన్నమాట. ముందుకు పోయి బావను అందుకున్నాను. తొక్కిన ప్రతిసారీ అతని చక్రాలు అరిగిన చెప్పుల్లా నేలకు అణిగిపోతున్నాయి.

"బావా, గాలి మరీ తీసేశావు."

"ష్! వెనక్కి పోరా. దాన్ని ముందుకు రానీ!"

అప్పుడర్థమైంది. తండ్రి ఓడిపోవాలని చస్తున్నాడు, కూతురు ఓడిపోవాలని చస్తోంది, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నేనే పెద్దమనిషినైతే అక్కడే ఆగి ఇద్దరికీ చెప్పాల్సింది. కానీ నా ముందు రోడ్డు ఖాళీగా ఉంది. బుద్ధెరిగాక ఆ గుట్ట మీద నా ముందు రోడ్డు ఖాళీగా ఉండడం అదే మొదటిసారి. మానవమాత్రుణ్ణి. తొక్కాను.

మైలురాయి దగ్గర ఒక మేక గడ్డి మేస్తోంది. రెండు చేతులూ పైకెత్తి, "గెలిచానహో!" అని గుట్ట అదిరిపోయేలా అరిచాను. మేక నన్ను ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి మేత కొనసాగించింది.

వాళ్ళిద్దరూ వచ్చారు, వచ్చారు కానీ పూర్తిగా రాలేదు. మైలురాయికి బారెడు దూరంలో పక్కపక్కనే కాళ్ళు నేలకు ఆనించి ఆగిపోయారు.

"పో," అన్నాడు బావ. "నాకు ఊపిరందట్లేదు. నువ్వు పో."

"నాకు కాలు పట్టేసింది నాన్నా. నువ్వే పో."

"పెద్దవాణ్ణి చెబుతున్నా, పో!"

"పెద్దవాళ్ళే ముందు పోవాలి!"

బావ ముక్కు ఎగబీల్చాడు. వేడెక్కిన బ్రేకు వాసన పట్టడమే అతని వృత్తి. కిందికి వంగి ఆమె వెనక చక్రం దగ్గర వేలు పెట్టి, చురుక్కుమనేసరికి లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే చిన్నది అతని ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది.

"ఓసి దొంగమొహమా!"

"నువ్వు నాన్నా, దొంగమొహం!"

"ఎందుకే ఇలా చేశావు?"

"నువ్వు ఓడిపోతే మళ్ళీ మంచమెక్కేస్తావని! గోడవైపు తిరిగి పడుకుంటావని! అప్పుడు లేపడానికి నేనుండను కదా. అమ్మ ఒక్కతే ఏం చేస్తుంది?"

బావ కాలిన వేలు ఆమె వైపు ఆడించాడు. "నేను పోయేదాకా నా సీటు పట్టుకునే ఉంటావా ఏంటే? ఇక్కడే ఉండిపోతావేమోనని నాకు కంటి మీద కునుకు లేదు."

"ఆ ముక్క నోటితో చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పొచ్చుగా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇద్దరికీ సిగ్గూ శరం లేదు. అంత ప్రేముంటే ఇంట్లో కూర్చుని ఏడవండి, నన్ను గుట్టలెక్కించి కాదు. నా జన్మకి ఒక్కసారి గెలిస్తే అదీ ఉత్తుత్తిదేనా?" అని కేకలేశాను. ఇద్దరూ నన్ను మేక చూసినట్టే చూశారు.

చిన్నది సైకిలు తలకిందులుగా నిలబెట్టి, బ్రేకు మర వదులు చేసి, చక్రం తిప్పి చెవి ఒగ్గి విన్నది. చప్పుడు లేదు. తర్వాత పంపు తీసి తండ్రి చక్రాలు రెండూ రాళ్ళలా గట్టిపడేదాకా గాలి కొట్టింది.

"కిందికి పద," అంది. "ఈసారి నా మీద జాలి చూపించావో, ఊరుకోను."

"నువ్వు చూపిస్తే నేనూ ఊరుకోను," అన్నాడు బావ, మీసం మీదికి చెయ్యి పోనిచ్చి.

ఇద్దరూ కల్వర్టు దాకా జారిపోయారు. నేను న్యాయనిర్ణేతగా పైన ఉండిపోయాను. నిజం చెప్పాలంటే కాళ్ళు లేవడం లేదు.

పైనుంచి చూస్తే ఆ దారి మలుపుల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మొదటి ముక్కలోకి ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. బావ ఓడిపోయేవాడిలా లేడు. సీటు మీంచి లేచి, ఇనప పలకున్న తుంటి పక్కకు లాగేస్తున్నా, హ్యాండిలు ఊడొచ్చేలా పట్టుకుని తొక్కుతున్నాడు. కంచెల వెనక మాయమై, తర్వాతి ముక్కలో తేలేసరికి చిన్నది ఒక సైకిలంత ముందుంది. బావ ప్రాణాలకు తెగించి తరుముతున్నాడు. మహానుభావుడు ఆవేశంలో గెలిచి కూర్చుంటాడేమోనని హడలిపోయాను. చివరి ముక్కలోకి చిన్నది ఒక్కతే వచ్చింది. వెనక రోడ్డంతా ఖాళీ. తల ఎత్తలేదు, పక్కకు తిరగలేదు. "గెలిచావే తల్లీ!" అని నేను గొంతు చించుకుంటుండగానే మైలురాయి దాటి, అదే వేగంతో అవతలి వైపుకు దిగిపోయింది.

బావ చాలాసేపటికి వచ్చాడు. నోరంతా తెరుచుకుని రొప్పుతున్నాడు. చుట్టూ చూశాడు.

"ఏదీ?"

చేయి చూపించాను. కింద గట్టు రోడ్డు మీద ఎర్రచొక్కా ఒకటి మొగ వైపు పోతోంది. బురదలో ఒరిగిన పడవలు ఒక్కొక్కటే వెనకబడిపోతున్నాయి. కొంగలు లేచి దారిచ్చాయి.

"ఆగలేదా?"

"లేదు బావా."

"వెనక్కి తిరిగి చూసిందా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. చూసిందంటే ఆ ప్రాణానికి కాస్త ఊరట కదా అనుకున్నాను. తల తిప్పి మేక వైపు చూశాను.

"చూడలేదు కదూ?"

"చూడలేదు."

అతను హ్యాండిలు మీద తల ఆనించి ఏడ్చాడు. భుజాలు అదిరిపోయేలా, దాచుకోకుండా ఏడ్చాడు. సైకిలు పక్కకు పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాను. నాకూ కళ్ళు తడయ్యాయి, పాపం ఎంత దెబ్బ తగిలిందో అనుకున్నాను. అతను తల ఎత్తాక చూస్తే మొహం నిండా సంతోషం, ముక్కు నిండా చీమిడి.

"మీ అక్కకి ఫోన్ చెయ్యరా. అటక మీద సూట్‌కేసు దించమను," అన్నాడు గ్లౌజుతో మొహం తుడుచుకుంటూ. "నన్ను ఓడించిందని చెప్పు. ఎంత వెనక వదిలేసి పోయిందో ఉన్నదున్నట్టు చెప్పు. నా మొహం చూసి తగ్గించావంటే ఊరుకోను."